మావ్ర ఇంటి గిన్నె

మా నదికి రాజధాని పీటర్స్‌బర్గ్‌లో ఎప్పుడో పేరు మార్చేశారు. మా తాతలు తిరగబడ్డారని వాళ్ళ మీద కోపం, ఆ కోపం నది మీద చూపించారు. కాగితాల్లో ఏం రాసుకుంటే మాకేం, మాకది యాయిక్. మేము యాయిక్ కజాకులం. ఈ మాట అనేటప్పుడు నా మెడ దానంతటదే నిక్కుతుంది. పొగరు అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

బయటివాళ్ళ కంటికి మేమంతా ఒకటే. మాలో మాకున్న గీతలు మాకే తెలుసు. ఎగువ ఊళ్ళవాళ్ళకి దిగువవాళ్ళంటే చులకన, దిగువవాళ్ళకి ఎగువవాళ్ళంటే వెటకారం. భుజాన పట్టీలున్న ఆఫీసర్ల ఇళ్ళు ఒక వరస, మామూలు కజాకుల ఇళ్ళు ఒక వరస. పాత పద్ధతిలో రెండు వేళ్ళతో శిలువ గీసుకునే మేము ఒకవైపు, మూడు వేళ్ళతో గీసుకుని ప్రభుత్వ చర్చికి వెళ్ళేవాళ్ళు ఇంకోవైపు. తాతార్ కజాకులు నమాజు చేసుకుంటారు, కల్మీకులు వాళ్ళ బుద్ధుడికి దీపం పెట్టుకుంటారు. పటాలంలో అందరివీ పక్కపక్క గుర్రాలే. గుండు తగిలితే ఎవరు ఎవరినైనా భుజాన వేసుకుని మోసుకొస్తారు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరి గిన్నె వాళ్ళదే.

గిన్నె సంగతి చెప్పాలంటే మా అత్త, అంటే మా ఆయన తల్లి మావ్ర గురించే చెప్పాలి. మా అలమరలో పైఅర మావాళ్ళ గిన్నెలది. కింద, తలుపు పక్కన, గుడ్డ కప్పిన చిన్న బల్ల మీద పరాయివాళ్ళ గిన్నెలు. ప్రభుత్వ చర్చికి వెళ్ళే ఆవిడ సొంత తమ్ముడు వచ్చినా కింది గిన్నెలోనే తినాలి. ఆయన ప్రతిసారీ, "నా కుక్కగిన్నె ఎక్కడక్కా" అని నవ్వేవాడు. మా అత్త నవ్వేది కాదు. ఆవిడ జన్మలో అబద్ధం ఆడి ఎరగదు, ఒకరి ముందు తల వంచీ ఎరగదు. ఆవిడ వీధిలో నడిచొస్తుంటే జుట్టు నెరిసిన కజాకులు కూడా పొగాకు గొట్టాలు వెనక్కి దాచుకునేవాళ్ళు.

నేను చెప్పబోయే చలికాలానికి ముందు శరత్తులో మా గుర్రం కడుపునొప్పితో చచ్చిపోయింది. మా ఆయన సెవస్త్యాన్‌కి వసంతంలో కొలువుకి వెళ్ళే వంతు. కజాకు కొలువుకి వెళ్తే గుర్రం సొంతం, జీను సొంతం, కత్తి సొంతం, అన్నీ తనే తెచ్చుకోవాలి. గుర్రం లేని కజాకు అంటే సగం మనిషి కింద లెక్క. మా ఆయన రాత్రీ పగలూ ఖాళీ గుర్రపుసాల వైపు చూస్తూ కూర్చునేవాడు. 

ఆ సంగతి పసిగట్టి యెసావుల్ పర్ఫీరి లూకిచ్ మా ఇంటికొచ్చాడు. యెసావుల్ అంటే ఆఫీసరు హోదా. మా వీధి చివర రేకు కప్పున్న ఇల్లు ఆయనదే. ఆయన కొడుకు వలెర్యాన్‌కి కూడా ఆ వసంతంలోనే వంతు వచ్చింది. కొలువుకని కొడుకుని ఎడారి సరిహద్దుకి పంపడం ఆయన భార్యకి ఇష్టం లేదు. గుర్రం, జీను, బట్టలు అన్నీ తనే ఇస్తాననీ, సెవస్త్యాన్ ముందు తన వంతు చేసి, అక్కడే ఉండిపోయి, తను అప్పటిదాకా వాయిదా వేయించే వలెర్యాన్ వంతు కూడా వాడి పేరు మీద చేసి రావాలనీ అడిగాడు. మా దగ్గర అది తప్పేమీ కాదు, ఇంకొకడి బదులు కొలువు చేసినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. కాకపోతే ఇంటి ముఖం చూసేసరికి నా జుట్టు సగం నెరుస్తుంది.

సెవస్త్యాన్ మర్యాదగానే విన్నాడు. ఆలోచించుకుని క్రిస్మస్ నాటికి చెప్తానన్నాడు. యెసావుల్ వెళ్ళిపోయాక నా వైపు తిరిగాడు.

"వరసలో నిలబెట్టి వలెర్యాన్ అని పిలుస్తారే. నేను నోరు తెరిచి ఎలా పలకను?"

మాకు మిగిలిన ఆశ ఒక్కటే, మంచు వేట. చలికాలం మొదట్లో నది గడ్డకట్టాక పెద్ద చేపలన్నీ లోతు మడుగుల్లో చేరి, ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఒక రోజు పెట్టి కజాకులంతా ఒడ్డున నిలబడతారు. ఫిరంగి పేలగానే మంచు మీదికి దూకుతారు. గునపంతో కన్నం కొట్టి, పొడుగాటి వాసానికి బిగించిన ఇనపకొక్కెం లోపలికి దించి, కొక్కేనికి చేప తగిలితే లాగాలి. పుట్టుకతో కజాకు కానివాడు మంచు మీద కాలు పెట్టడానికి వీల్లేదు. కోటీశ్వరుడైన వ్యాపారి అయినా ఒడ్డునే నిలబడి, మా చేప మా చేత్తో పైకొచ్చేదాకా చేతులు నలుపుకోవాలి. వ్యాపారులు ఎగబడి కొనే గుడ్లతో నిండిన పెద్ద బెలూగ చేప ఒక్కటి పడితే, మంచి గుర్రం వచ్చేస్తుంది.

కానీ బెలూగ ఒక్క మనిషికి లొంగదు, ఎద్దు లాగినట్టు లాగేస్తుంది. అందుకే జతకట్టి దిగుతారు. జత అంటే మా దగ్గర ఒక పద్ధతుంది. వేట రోజు తెల్లారుజామున జతగాళ్ళు ఒకే గిన్నెలో తినాలి. తిన్నాక ఒకరి చేప ఇద్దరిదీ. పరాయి కొక్కెం వచ్చి అందులో పడినా, దాన్ని తీసి పక్కన పెడతారు, వాటా ఉండదు. గిన్నె కలవకపోతే మాత్రం చేపలో ఎన్ని కొక్కేలుంటే అన్ని వాటాలు.

మా మరిదీ, మా ఆయన పాత జతగాడూ ఇద్దరూ పటాలంలో ఉన్నారు. సెవస్త్యాన్ ఒంటరివాడైపోయాడు. అప్పుడు పక్కవీధి తాతార్ కజాకు ముర్తజా వచ్చాడు. వాడి అన్నలూ కొలువులోనే ఉన్నారు. మా ఆయనా వాడూ ఒకే ఏడు పుట్టారు, ఒకే గుర్రం మీద నుంచి పడి ఇద్దరూ చెయ్యి విరగ్గొట్టుకున్నారు.

"మొదటి చేప నీ గుర్రానికి, ఆ తర్వాత పడినవన్నీ నావి. బేరం బాగుందా?" అన్నాడు.

"రెండోది పడకపోతే?" అని మా ఆయన అడిగాడు.

"పడకపోతే నీ గుర్రం పిల్లని పెట్టినప్పుడు తీసుకుంటా."

"మగగుర్రం కొంటానురా."

"నా అదృష్టం అంతే మరి," అని నవ్వాడు ముర్తజా.

అంతా బాగానే ఉంది, గిన్నె దగ్గరే చిక్కొచ్చింది. తాతార్‌తో ఒకే గిన్నెలో తినడమా? మా అత్త ముందు ఆ మాట ఎత్తడానికి మా ఆయనకి నోరు రాలేదు. నాకు ఆ భయాలు లేవు, ఎత్తాను. కొడుకు ఎడారిలో ఇంకొకడి పేరు మోస్తూ ముసలివాడైపోతే ఆ పైఅర గిన్నెలు ఎవరికోసమని అడిగేశాను. ఆవిడ తన తల్లి, తల్లి తల్లి ఆ గిన్నెల కోసం కొరడా దెబ్బలు తిన్నారనీ, పాత పద్ధతి వదలనందుకు ఊళ్ళకి ఊళ్ళే తగలబెడితే కూడా గిన్నె మైలపరచలేదనీ చెప్పింది. ఆ మాట అక్కడితో వదిలేశాను. అది నాకూ గర్వమే కదా.

వేటరోజు చీకటితోనే నది ఒడ్డుకి చేరాం. చలికి గుర్రాల ముక్కుల దగ్గర మంచు పేరుకుపోయింది. క్రిస్మస్ ముందు ఉపవాసాలు కాబట్టి మా అత్త కొర్రల జావలో జనపగింజల నూనె వేసి వండింది. కొడుక్కి పైఅర గిన్నెలో పోసింది. ముర్తజాకి కింది గిన్నెలో పోసి అందించింది. వాడు చెయ్యి చాపలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

"వద్దవ్వా, నా కుండ నేను తెచ్చుకున్నా," అని కొంచెం దూరంగా వెళ్ళి చితుకులు పోగేసి మంట పెట్టుకున్నాడు. గిన్నెలు కలవలేదు. చుట్టుపక్కలవాళ్ళంతా చూశారు. నాలుగు బళ్ళ అవతల యెసావుల్ కూడా చూశాడు.

ఆఫీసర్లకి ఒక్కో హోదాకి కొన్ని కొక్కేలు ఎక్కువ. యెసావుల్‌కి మూడు. రెండు కొక్కేలు కూలికి కుదుర్చుకున్న కజాకుల చేతిలో ఉన్నాయి, మూడోది ఆయనే పట్టుకున్నాడు. ముసలివాడే అయినా పోటుగాడే, ఒప్పుకోవాలి.

వేలమంది నిలబడ్డా ఆ ఒడ్డున చప్పుడు లేదు. అలికిడైతే చేపలు చెదిరిపోతాయని దగ్గు వచ్చినవాడు కూడా టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దం చూస్తే నాకు ప్రతి ఏడూ కళ్ళు చెమరుస్తాయి. ఫిరంగి పేలింది. ఒడ్డు ఒడ్డంతా విరిగి నదిలో పడ్డట్టు మగవాళ్ళందరూ ఒక్కసారి దూకేశారు. పట్టీలున్నవాడూ, లేనివాడూ, రెండు వేళ్ళవాడూ, మూడు వేళ్ళవాడూ, నమాజు చేసేవాడూ, అందరూ ఒకే పరుగు. మంచు మీద ఎవరికీ ముందు చోటు లేదు, కాళ్ళున్నవాడిదే చోటు. మా దగ్గర నాకు నచ్చేది అదే.

ఒడ్డు మీద నుంచి నేను మా ఆయన ఎర్రటోపీనే చూస్తున్నాను. కన్నం కొట్టాడు, కొక్కెం దించాడు. కాసేపటికి వంగిపోయాడు. వాసం చేతుల్లో అటూ ఇటూ ఊగిపోతోంది. మోకాళ్ళ మీద పడ్డాడు, కన్నం వైపు జారిపోతున్నాడు. "ముర్తజా" అని ఒక్క కేక పెట్టాడు. ముర్తజా తన కన్నం వదిలేసి పరిగెత్తాడు. అటు నుంచి యెసావుల్ కూడా వచ్చాడు. ఇద్దరి కొక్కేలూ ఒకేసారి నీళ్ళలోకి దిగాయి. ముగ్గురూ కలిసి లాగారు. కన్నం చాలక చుట్టూ మంచు పగలగొట్టాల్సి వచ్చింది. బయటికొచ్చిన బెలూగ మా బండి కన్నా పొడుగుంది, పొట్ట గుడ్లతో ఉబ్బి ఉంది. నేను అత్త చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఆవిడ వదిలించుకోలేదు.

వేట ముగిసినట్టు టోపీలు ఊపగానే ఆడవాళ్ళం బళ్ళు తోలుకుని మంచు మీదికి దిగాం. అప్పటికే మా చేప చుట్టూ జనం మూగారు. ఆ ఏడు వేటకి పెద్దగా ఎన్నుకున్న ఆతమాన్ ఇపాత్ మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన న్యాయానికి మారుపేరు, నవ్వు ఎరగని మనిషి.

యెసావుల్ తన వాదన చల్లగా చెప్పాడు. చేపలో మూడు కొక్కేలున్నాయి. సెవస్త్యాన్‌కీ తాతార్‌కీ గిన్నె కలవలేదు, అందరూ చూశారు. కలవలేదు కాబట్టి మూడు వాటాలు. ముర్తజా తన వాటా సెవస్త్యాన్‌కి ఇచ్చేస్తానన్నాడు. అయినా మిగిలినదానికి మూడు కాళ్ళ గుర్రం కూడా రాదు. అది యెసావుల్‌కి తెలుసు, మా ఆయనకి తెలుసు, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆయనకి చేప అక్కర్లేదు, మా ఆయన కావాలి.

ఆతమాన్ ఇపాత్ మా అత్తని అడిగాడు. తెల్లారుజామున ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారా అన్నాడు. అవునంటే చాలు. ఆవిడ మాటకి అడ్డు చెప్పే దమ్ము అక్కడ ఎవరికీ లేదు.

"తినలేదు. నేనే తిననివ్వలేదు," అంది మా అత్త.

సెవస్త్యాన్ తల దించుకున్నాడు.  ఇపాత్ గట్టిగా ఊపిరి తీసుకుని తీర్పు చెప్పబోయాడు. యెసావుల్ అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గెలిచినవాడికి నోరు ఆగదు కదా. చుట్టూ ఉన్నవాళ్ళు గొణుగుతున్నారనీ, తనని పీనాసి అనుకుంటారనీ దొడ్డమనసు చూపించబోయాడు.

"నేను వాటాకి ఆశపడే మనిషిని కాదు. మావ్ర అగాపోవ్నా ఇప్పుడు ఇక్కడ, అందరి ముందు, తాతార్ గిన్నెలో ఒక్క చెంచా తిననీ. నా కొక్కెం నేనే పీకి పారేస్తా," అన్నాడు.

కొంతమంది నవ్వారు. ఆవిడ తినదని ఆయనకి ఎంత నమ్మకమో, సూర్యుడు పడమట వాలతాడని కూడా అంత నమ్మకం ఉండదు. సొంత తమ్ముడికే కింది గిన్నె పెట్టిన మనిషి. మా వాళ్ళ గురించి బాగా తెలిసినవాడు చేసే పొరపాటే అది. ఏ మాస్కో వ్యాపారో అయితే అలాంటి పందెం కాసేవాడే కాదు.

మా అత్త నడుముకి కట్టుకున్న పట్టీలోంచి తన కొయ్య చెంచా తీసింది. అది ఆవిడ తల్లి చెంచా. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మంచు మీద మెల్లగా నడుచుకుంటూ ముర్తజా బండి దగ్గరికి వెళ్ళింది. పొద్దుటి కుండలో ఇంకా సగం జావ మిగిలే ఉంది. వాడు దాన్ని గిన్నెలోకి వంచాడు కానీ, గిన్నె మాత్రం రెండు చేతుల్తో తన దగ్గరే పెట్టుకున్నాడు.

"ఒక్క మాటవ్వా," అన్నాడు. "చేప కోసం తింటావా, నేను మీ ఇంటి జతగాడినని తింటావా? చేప కోసమైతే నా గిన్నె ఇవ్వను. మాకూ ఇంట్లో గిన్నెలు కాచుకునే అమ్మలున్నారు."

యెసావుల్ ముఖంలో మళ్ళీ వెలుగొచ్చింది. నాకు ముర్తజా మీద ఒళ్ళు మండింది, అదే నిమిషంలో వాడంటే గౌరవమూ కలిగింది. వాడూ యాయిక్ కజాకే. ముష్టి తీసుకోడు, ముష్టి వెయ్యడు.

మా అత్త వాడి కళ్ళలోకి చూసింది.

"మీ నాన్న, మా ఆయన ఎడారిలో శత్రువులు చుట్టుముడితే ఒకే గుంటలో మూడు రోజులు ఉన్నారు. మీ నాన్న తోలుసంచి నీళ్ళు తాగి మా ఆయన బతికొచ్చాడు. మన గిన్నెలు ఆనాడే కలిశాయిరా. నేనే ఆలస్యంగా వచ్చాను."

ముర్తజా గిన్నె చాచాడు. ఆవిడ చెంచా ముంచబోయి ఆగింది. గొర్రెకొవ్వు ఉందేమోనని అడిగింది, ఉపవాసం కదా.

"లేదవ్వా," అన్నాడు వాడు. "మీ పక్కన మంట పెట్టుకున్నానుగా. మీ ఉపవాసం రోజున మాంసం వాసన మీ ముక్కుకి తగలకూడదని నూనెతోనే వండా."

అప్పుడు మా అత్త గడ్డం కొంచెం వణికింది. నేను ఆవిడ దగ్గర కాపురానికొచ్చాక అది చూడడం అదొక్కసారే. వెంటనే సర్దుకుని, రెండు వేళ్ళతో శిలువ గీసుకుని తినడం మొదలుపెట్టింది. ఒక్క చెంచాతో ఆపలేదు. గిన్నె చేత్తో పట్టుకుని, సగానికి తిని కొడుకుని పిలిచింది. సెవస్త్యాన్ తిన్నాడు, ముర్తజా తిన్నాడు. చివరికి నా చేతికిచ్చింది. జావ మంచుగడ్డలా ఉంది, ఉప్పు చాల్లేదు. నేను అడుగు కనపడేదాకా నాకాను.

యెసావుల్ టోపీ తీశాడు. ఆయన ఇష్టపడి తీశాడో, అందరూ తీస్తున్నారని తీశాడో నాకు తెలియదు. కానీ మాట తప్పలేదు. చేప దగ్గరికి వెళ్ళి, పనివాళ్ళకి చెప్పకుండా తనే వంగి, కొక్కెం పీకి పక్కన పడేశాడు. ఆ తర్వాత చేపని మా బండి మీదికి ఎత్తడానికి ఒక చెయ్యి కూడా వేశాడు. ఎంత వెధవ పని చేసినా, మంచు మీద అన్న మాటకి నిలబడ్డాడు. ఆయన్నీ మావాడు కాదనలేం.

ఆ ఆదివారం మా ప్రార్థన పెద్ద మా ఇంటికొచ్చాడు. మైలపడ్డందుకు మా అత్త పండగ దాకా ఒంటరిగా తినాలన్నాడు, రోజూ సాష్టాంగాలు పడాలన్నాడు, ఆ చెంచా పొయ్యిలో వెయ్యాలన్నాడు. ఆవిడ ఒంటరిగా తింది. మోకాళ్ళు వాచినా ఒక్క సాష్టాంగం తగ్గించలేదు. చెంచా మాత్రం పట్టీలోంచి తియ్యలేదు. పెద్ద మళ్ళీ అడిగితే, సాష్టాంగాలు దేవుడికి బాకీ కనుక తీర్చాననీ, చెంచా తన ఇంటిదనీ చెప్పి పంపేసింది.

వసంతంలో మా సాలలో ఎర్రగుర్రం నిలబడింది. బయలుదేరే పొద్దున ముర్తజా తన గుర్రంతో మా గుమ్మం ముందుకొచ్చాడు. జీనుకి కట్టిన వాడి గిన్నె టంగుటంగుమంటోంది. మా అత్త వెళ్ళి ఆ ముడి విప్పేసింది. సెవస్త్యాన్ సంచిలో నేను పెట్టిన పైఅర గిన్నె చూపించింది.

"రెండెందుకురా మోత? ఇద్దరికీ ఒకటి చాలు," అని ముర్తజా గిన్నె లోపలికి తీసుకుపోయి, పైఅరలో తన గిన్నె పక్కన పెట్టింది.

చౌకులో అందరినీ వరసగా నిలబెట్టి పేర్లు పిలిచారు. వలెర్యాన్ అని పిలిస్తే వలెర్యానే పలికాడు, పాపం గొంతు వణికింది. సెవస్త్యాన్ అని పిలిచారు. మా ఆయన పలికిన పలుకు నది అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. నేను ఏడవలేదు. తర్వాత ముర్తజా పేరు పిలిచారు. ఇటు పక్క మా అత్త మెడ నిటారుగా పెట్టి, అడగని వాళ్ళకి కూడా వినపడేలా, "మావాడే" అంది.